వర్జ్యం వెళ్లేదాకా ఆగిన దరఖాస్తు

వాక్కుకు అధిదేవతయైన తల్లి పాదాలకు మ్రొక్కి, ఈ కలం చేత నిజమే పలికించుమని వేడుకొని, శ్రీ విశ్వావసు నామ సంవత్సర కార్తీక బహుళ పంచమినాడు, జగిత్యాలలో మా ఇంటి వసారాలో కూర్చుండి ఇది మొదలుపెడుతున్నాను. నిజం పలికించుమని దేవతను వేడుకోవలసి రావడమే సిగ్గుచేటు. ముప్పయి ఏండ్లకు పైగా తెలుగు పండితునిగా పిల్లలకు సత్యవాక్కును గూర్చిన పద్యాలు వల్లె వేయించినవాణ్ని. అప్పజెప్పని వాని చేత గోడకుర్చీ వేయించినవాణ్ని.

నిన్న మధ్యాహ్నం పక్కింటి కోడలు ఫోను చేతబట్టుకొని వచ్చింది. చదువుకున్న పిల్ల. చంటివాణ్ని నిద్రపుచ్చి, కొంగున చెమట తుడుచుకొంటూ మెట్ల మీద కూర్చున్నది. "తాతా, జెర పంచాంగం తీయుండ్రి. గ్రూపు పరీక్షకు దరఖాస్తు ఏస్తున్న. మంచి గడియ ఎప్పుడున్నదో చెప్తే గప్పుడే సబ్మిట్ కొడత" అన్నది. "ఇప్పుడే కొట్టమ్మా" అన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి అనుమానంగా చూసింది. "గిప్పుడా? గియ్యాల చవితి గద తాతా? మీకు పానం మంచిగలేదా?" అని అడిగింది. నా ప్రాణం బాగానే ఉన్నదనీ, ఆ మెట్ల మీదనే కూర్చుండి, నేను చూస్తుండగానే పని ముగించుమనీ కొంచెం గట్టిగానే చెప్పాను. ఆమె వేలు రెండు మూడు చోట్ల ఆనించింది. అక్కడెక్కడో ఒక చిన్న గంట మోగింది. "అయిపోయింది తాతా! గింతే!" అని ఫోను నా కళ్లద్దాల ముందు పెట్టి నవ్వింది. ఆమె వెళ్లిన తరువాత కూడా ఆ 'గింతే' అన్న మాట వసారాలోనే ఉండిపోయింది. అంతే అయిన పనికి నేను ఒకనాడు ఎంత పని చేశానో చెప్పుకొనక తప్పదు.

మా వసారాకు ఒకప్పుడు పేరుండేది. సర్కారు ఉద్యోగానికి నోటిఫికేషన్ పడిందంటే చాలు, బుగ్గారం నుంచీ గొల్లపల్లి నుంచీ పిల్లలు ముందు నా దగ్గరికి వచ్చేవారు. పుట్టిన నక్షత్రం చెబితే తారాబలం చూసి, ఏ రోజున ఏ వేళకు దరఖాస్తు పంపాలో చిన్న కాగితం మీద రాసి ఇచ్చేవాణ్ని. ఈ నమ్మకం నాకు ఊరకే రాలేదు. ప్రాచ్య కళాశాలలో చదువు ముగించిన ఏడు నా తొలి దరఖాస్తును మా మేనమామ విజయదశమినాడు దగ్గరుండి రాయించారు. ఉద్యోగం వచ్చింది. తరువాత మొదటి శ్రేణి పండితునిగా పదోన్నతికి కాగితాలు పంపినప్పుడు గురుపుష్యయోగం దాకా ఆగాను. అదీ వచ్చింది. నా తోటి పండితుడొకాయన అమావాస్యనాడు, అందునా తుమ్మి, పంపినాడు. ఆయనకూ వచ్చింది. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసినదానిని పక్కన పెట్టగల నేర్పు కూడా పాండిత్యంలో ఒక భాగమేనని ఆ రోజులలో నాకు తోచేది కాబోలు.

నా దగ్గర వేళ రాయించుకొన్న వారందరూ నేరుగా టవర్ సర్కిలుకు పోయే దారిలోని ఒక ఇంటర్నెట్ దుకాణానికి పోయేవారు. ఆ దుకాణాదారును ఊరంతా భాయ్ అనే పిలిచేది. నేనూ అట్లాగే పిలిచేవాణ్ని. ఆయన ఇంటి భాష ఉర్దూ. తెలుగు మాత్రం నా శిష్యులలో సగం మంది కన్న శుభ్రంగా రాసేవాడు. దుకాణంలో మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్సు యంత్రం, గోడకొక మేకు. దరఖాస్తు వేసేవారి చేత తెల్లకాగితం మీద నల్ల సిరాతో మూడుసార్లు సంతకం చేయించి, మూడింటిలో బాగున్న దానిని ఎంచి, ఫోటోను చెప్పిన కొలతకు కుదించి, పుట్టిన తేదీని పదోతరగతి మెమోతో సరిచూసి గాని ముందుకు పోయేవాడు కాదు. నేను రాసిచ్చిన కాగితాలను ఆ మేకుకు గుచ్చి, వేళ ప్రకారం పిలిచేవాడు. ఒకనాడు చాయ్ తాగుతూ నాతో, "పంతులు సాబ్, మీరు అందరికి ఒక్కటే టైం ఇస్తే ఎట్ల? నా తాన మూడే డబ్బాలున్నయి. జెర గ్రహాలకు చెప్పి లైన్ల నిలబెట్టుండ్రి" అన్నాడు. నాకు నవ్వాగలేదు. నా పద్యాలను అచ్చుకు సిద్ధం చేస్తుండినది కూడా ఆయనే. బండి ఱ, అదే శకటరేఫ, లేనిదే పద్యం నిలవదని నేను పట్టుబడితే, అది ఎక్కడున్నదో పట్టుదలగా వెదికి పెట్టి, "గీ అక్షరం మీకు తప్ప ఈ జమానాల ఎవలికి అక్కర లేదు సాబ్. మీకోసమే దాచిపెట్టిన" అనేవాడు. ఆ పని కోసం ఏనాడూ నా దగ్గర ఏమీ తీసుకోలేదు.

ఇక నా శిష్యురాలి సంగతి. గొల్లపల్లి ఉన్నత పాఠశాలలో నా దగ్గర చదివింది. తండ్రి తాటిచెట్లు ఎక్కే గీతపనివాడు. ఆమె పద్యం చదివితే వెనుక బెంచీలు కూడా ఊరుకొని వినేవి. కోరుట్లలో మెట్టినిల్లు. జగిత్యాలలోని ఒక సర్కారు కార్యాలయంలో ఒప్పందం మీద కంప్యూటరు పని చేస్తుండేది. ప్రతిదినమూ కోరుట్ల బస్సులో వచ్చి పోవడం. ఏడు తిరిగేసరికి ఒప్పందం పొడిగిస్తారో లేదో అన్న భయం. కొత్తగా చేరిన ప్రతి జూనియర్ అసిస్టెంటుకూ ఫైలు కట్టడం నుంచి పని నేర్పేది ఆమె. నేర్చుకొన్నవారు పదోన్నతి పొంది పై కుర్చీలకు పోయేవారు. ఆమె మాత్రం కిటికీ పక్క అదే కుర్చీలో ఉండేది. కొన్నేండ్ల కిందట అదే జూనియర్ అసిస్టెంటు ఉద్యోగానికి నోటిఫికేషన్ పడింది. ఆమె వయోపరిమితికి అదే చివరిది. ఒక ఆషాఢమాసపు సాయంత్రం ధ్రువపత్రాలన్నీ ప్లాస్టిక్ సంచిలో సర్దుకొని నా దగ్గరికి వచ్చింది. "ఇదే ఆఖరుది సార్. మళ్ల ఎప్పుడు పడ్తదో, గప్పటికి నా ఏజ్ దాటిపోతది. బస్సుల కూసోని చదువుతున్న. రాత్రి పిల్లలు పండినంక చదువుతున్న. మీరు మంచి దినం చూస్తే చాలు, మిగిలింది నేను చూసుకుంట" అన్నది.

పంచాంగం తెరిచాను. ఆషాఢం శూన్యమాసం. గడువు శ్రావణ శుద్ధ విదియ సాయంత్రం అయిదు గంటల దాకా ఉన్నది. శూన్యమాసంలో వేసిన దరఖాస్తుకు ఫలం ఏముంటుంది? "శ్రావణం రానీ అమ్మా" అన్నాను. ఆమె కొంచెం వెనుకాడింది. "భాయ్ అయితే ఇప్పుడే కొట్టుమంటుండు సార్. ఆఖరుకు రష్ అయితదట" అన్నది. నాకు చురుక్కుమన్నది. "భాయ్‌కి యంత్రం తెలుసు. కాలం సంగతి నాకు వదిలెయ్యి" అన్నాను. గురువు మాటకు ఎదురు చెప్పడం ఆ పిల్లకు చిన్ననాడు నేను నేర్పలేదు. తల ఊపి, సంచి మడిచి, బస్సు వేళయిందని వెళ్లిపోయింది. శ్రావణ శుద్ధ పాడ్యమి వచ్చింది. పాడ్యమి కొత్తపనికి కూడదన్నాను. మిగిలింది విదియ, సోమవారం.

ఆనాడు ఆమె సెలవు పెట్టి ఉదయం తొమ్మిదిన్నరకే దుకాణానికి వచ్చింది. నేనూ పంచాంగం చంకన పెట్టుకొని వెళ్లాను. తడి ఆరని గొడుగులు గడప దగ్గర ఉన్నాయి. లోపల మాకు తప్ప ఎవరికీ పని లేదు. భాయ్ కుర్చీ తుడిచి ఆమెకు చూపి, "పంతులు సాబ్, సర్వర్ గిప్పుడు ఖాళీగుంది. పాలోలె నడుస్తున్నది. పది నిమిషాలల్ల ఖతం చేస్త" అన్నాడు. "పదిన్నర దాటేదాకా వర్జ్యం ఉన్నది, ఆగు" అన్నాను. పదిన్నర దాటింది. "ఇగ కొడదామా సాబ్?" "పన్నెండు దాకా యమగండం." పన్నెండయింది. నిజం చెప్పాలంటే అక్కడ ఒక అరగంట ఏ దోషమూ లేకుండా ఖాళీగానే ఉన్నది. కాని ఆ హోర ఆమె నక్షత్రానికి అంత అనుకూలం కాదని నాకు తోచింది. ఆ వెంటనే దుర్ముహూర్తం. భాయ్ తల గోక్కొని, "సాబ్, మీ పుస్తకంల మంచి టైం ఎంతున్నదో గని, చెడ్డ టైం మాత్రం బగ్గ ఉన్నది" అన్నాడు. ఆమె కూడా నోటికి చేయి అడ్డం పెట్టుకొని నవ్వింది. నేను నవ్వలేదు. ఒంటిగంట నలభై నిమిషాలకు, శుభహోరలో, కుర్చీ తూర్పు ముఖంగా తిప్పించి, నోట శ్లోకం చదువుతూ, "ఇక కానివ్వు" అన్నాను.

అప్పటికి రాష్ట్రంలో నా వంటివారు ఎందరి పిల్లలను ఎన్ని వర్జ్యాల పేర ఆపి ఉంచారో గాని, అందరూ ఆ గడియకే మేలుకొన్నట్టున్నారు. తెర మీద చిన్న చక్రమొకటి తిరగడం మొదలుపెట్టింది. పేరు, తండ్రిపేరు ఎక్కినాయి. ఫోను మీదికి రావలసిన అంకెలు రాలేదు. వచ్చేసరికి వాటి గడువు చెల్లిపోయింది. మళ్లీ మొదటినుంచి. మూడయింది. భాయ్ మూడు కంప్యూటర్ల మీదా ఒకేసారి తెరిచాడు, తన ఫోను మీద కూడా తెరిచాడు, వచ్చిన వేరే పనులను చేయి ఊపి పంపివేశాడు. నాలుగయింది. శ్లోకం నా నోట ఎండిపోయింది. అయిదుకు ఇంకా పది నిమిషాలున్నాయనగా ఫీజు కట్టే పుట తెరుచుకొన్నది. ఆమె ప్రాణం లేచి వచ్చినట్టు ముందుకు వంగింది. మళ్లీ ఆ చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగినప్పుడు తెర మీద గడువు ముగిసినదన్న ఒకే ఒక్క వాక్యం ఉన్నది. "ఇంకొకసారి కొట్టుండ్రి భాయ్" అన్నది ఆమె. కొట్టాడు. "ఒక్కసారి." కొట్టాడు. మూడోసారి ఆమె అడగలేదు; ఆయనే కొట్టాడు. ఆమె ధ్రువపత్రాలను ఒక్కొక్కటే తీసి, అంచులు సరిచేసి, మళ్లీ సంచిలో పెట్టుకొన్నది.

ఆ వేళకే ఆమె తండ్రి గొల్లపల్లి నుంచి వచ్చాడు. బిడ్డ సర్కారు కొలువుకు దరఖాస్తు వేసిన రోజు కదా, వెంట తీసుకుపోదామని వచ్చినట్టున్నాడు. సంగతి విని గడప మీదనే నిలబడిపోయాడు. బయట చాయ్ బండి దగ్గరివారు కూడా లోపలికి తొంగిచూస్తున్నారు. "ఏంది భాయ్ గిది? పొద్దటిసంది నా బిడ్డ నీ దుకాణంల కూసున్నది. గా డబ్బాలు నడవకపోతే నడవయని చెప్పాలె గద! ఇంకో దిక్కు పోదుము. నోటికాడి కొలువు పాయె!" అని అరిచాడు. భాయ్ లేచి నిలబడ్డాడు. "గౌడన్నా, డబ్బాలు మంచిగనే ఉన్నయి. పొద్దుగాల..." అని ఆగి, నా వైపు చూశాడు. నా తప్పును తన నోటితో చెప్పడం ఆయనకు మర్యాద అనిపించలేదు. నేను చెబుతానని ఆగాడు. గౌడన్న కూడా నా వైపు తిరిగాడు. "పంతులు సారూ, మీరు పొద్దటిసంది ఈడనే ఉన్నరట. మీరు చెప్పుండ్రి. మీ మాటంటే మాట. ఏమైంది?"

నేను పంచాంగం వైపు చూస్తూ, "ఏం చెప్పమంటావు గౌడా? ఈ యంత్రాలు పాతబడ్డాయి" అన్నాను.

నా జీవితంలో ఎన్నో సభలలో మాట్లాడాను. ఏ మాటా దానంత దూరం పోలేదు. గొల్లపల్లి కల్లుమండువాలో, కోరుట్ల బస్సులో, కార్యాలయాల మెట్ల మీద అదే మాట. "పంతులు సారే అన్నడట" అన్న ముద్ర దానికి తోడైంది. ఆయనేమన్నా మనవాడా అన్న మాట కూడా కొందరి నోట వచ్చింది, నా చెవిన పడింది, నేను కాదనలేదు. తరువాతి నెలలలో వేళ రాయించుకొన్న పిల్లలు, "భాయ్ తానికి పోవచ్చా సార్?" అని అడిగేవారు. "మీ ఇష్టం" అనేవాణ్ని. ఆ రెండు మాటలకు అర్థమేమిటో అడిగినవారికీ తెలుసు, నాకూ తెలుసు. దుకాణంలో మేకు ఖాళీ అయింది. దీపావళి వెళ్లిన తరువాత ఆయన తాళం వేసి, భార్య తమ్ముడున్న సిరిసిల్లకు సంసారం మార్చాడు. వెళ్లే ముందటి రోజు మా ఇంటికి వచ్చి, నా పద్యాల ప్రతిని అట్టపెట్టెలో పెట్టి తెచ్చి ఇచ్చాడు. "తప్పులు ఇంకొక్కసారి చూసిన సాబ్. ఇగ ప్రెస్సుకు ఇయ్యొచ్చు" అన్నాడు. కూర్చోమన్నాను. నిలబడే ఉండి, సలాం చేసి వెళ్లిపోయాడు. ఆ పుస్తకాన్ని నేను అచ్చు వేయించలేదు. ఎవరైనా అడిగితే కన్ను సరిగా కనిపించక దిద్దలేకపోతున్నానని చెప్పేవాణ్ని.

మరుసటి ఏడు ఒక పెండ్లికి కోరుట్ల పోతుండగా బస్సులో ఆమె కనిపించింది. లేచి తన చోటు నాకిచ్చి, కడ్డీ పట్టుకొని నిలబడింది. క్షేమసమాచారాలైన తరువాత నేను గొంతు సవరించుకోవడం చూసి, తానే అన్నది: "గా ముచ్చట మనసుల పెట్టుకోకుండ్రి సార్. నా నసీబుల లేదు. బాపుకు నేనేం చెప్పలేదు. మీ మీద మాట రానిస్తనా?" అంటే ఆమెకు అంతా తెలుసు, ఉదయపు ఖాళీ సర్వరు తెలుసు, మధ్యాహ్నపు ఖాళీ అరగంట తెలుసు, నేను పలికిన మాట తెలుసు. తెలిసి, నా మర్యాదను తన నోరు కట్టుకొని కాపాడింది. దానికి మూల్యం చెల్లించింది ఇంకొకడు. అప్పుడు నాలో కలిగినదానిని దాచకుండా రాస్తాను: గుండె బరువు దిగినట్టయింది. తప్పించుకొన్నానన్న ఊరటే అది. పెండ్లిలో భోజనం కూడా బాగానే చేశాను. సిగ్గు అన్నది చాలా ఆలస్యంగా, ముసలితనంతో పాటు వచ్చింది. వచ్చిన తరువాత పోలేదు. వేళలు రాసివ్వడం మానుకొన్నాను. ఎందుకు మానుకొన్నానో ఎవరికీ చెప్పలేదు. మంచిపనిని కూడా దొంగచాటుగానే చేశానన్నమాట.

నిన్న ఆ పిల్ల మెట్ల మీద కూర్చుండి పని ముగించడానికి నా ఇత్తడి చెంబులోని నీళ్లు తాగినంతసేపు కూడా పట్టలేదు. ఊరివారికి గడియలు ఎంచి ఇచ్చిన నాకు, ఒక నిజం చెప్పడానికి ఇన్నేండ్లలో ప్రతి గడియా అందుబాటులోనే ఉండినది. కాలం నన్ను ఒక్కనాడైనా ఆపలేదు.

ఇంతవరకు రాసి ఆపాను. మార్గశిర శుద్ధ తదియనాడు వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్లాను. మరమగ్గాల చప్పుడు నడుమ ఒక సందులో ఆయన దుకాణం. గడ్డం నెరిసింది. కుర్చీ తుడిచి వేశాడు. చెప్పవలసినది చప్పుడును మించి గట్టిగా చెప్పవలసి వచ్చింది. పూర్తిగా విని, "నాకెరుక లేదా సాబ్? నాకు చెప్పెతందుకు గింత దూరం వచ్చిండ్రా? ఎరుక లేనిది గౌడన్నకు. అది కూడ చెవుల చెప్తే పని ఒడువది. ఆ దినం మీరు పదిమందిల అన్నరు" అన్నాడు. తరువాత, "ఈ యేడు పెన్షన్‌కు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చిండ్రా?" అని అడిగి, నా వేలిముద్ర వేయించుకొని, నేను బ్రతికి ఉన్నట్టు నమోదు చేశాడు.

మార్గశిర శుద్ధ సప్తమినాడు గొల్లపల్లిలో బస్సులు ఆగే చోట, చాయ్ హోటల్ ముందు, గౌడన్నకూ అక్కడ ఉన్న పదిపన్నెండు మందికీ వినబడేటట్టు జరిగినది జరిగినట్టు చెప్పాను. ఆయన విని, "గట్లనా" అని లేచి వెళ్లిపోయాడు, నమస్కారం పెట్టలేదు. ఆయన కూతురికి వయోపరిమితి దాటిపోయింది. ఆమె అదే కార్యాలయంలో ఒప్పందం మీద పని చేస్తున్నది.